ఔ అనలేదు, కాదనలేదు

నా చిన్నప్పుడు మా తాతయ్యను నాంపల్లిలో ఎవరూ పేరు పెట్టి పిలవగా వినలేదు. కోర్టు ముందున్న చాయ్ హోటల్ నుంచి ఆబిడ్స్‌లో మా గల్లీ దాకా అందరికీ ఆయన వకీల్ సాబే. ఎమ్మెల్యే అయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు. మారనందుకు ఆయన లోలోపల మురిసిపోయేవారు.

ఆయన వకాలత్ అంతా ఒక్క కిటుకు మీదే నడుస్తోందని మా అమ్మమ్మ ఎగతాళి చేసేది. బోనెక్కే ప్రతివాడికీ ఆయన చెప్పేది ఒకటే. నోరు విప్పకు, ఊరుకున్నవాడిని ఏ చట్టమూ ఏమీ చేయలేదు. వాగి ఇరుక్కున్నవాళ్లను ఆయన చాలామందిని చూశారు గానీ, ఊరుకుని చెడినవాడిని చూడలేదట. ఆ విద్య నాకూ నేర్పారు. స్కూల్లో ఏ కిటికీ అద్దమైనా పగిలితే నోరు కుట్టేసుకుని గట్టెక్కేదాన్ని.

మా బట్టలు ఇస్త్రీ చేసే అక్క రైల్వే స్టేషన్ వెనక బస్తీలో ఉండేది. ఆ ఇళ్లను కూలగొట్టడానికి మనుషులు వచ్చినప్పుడల్లా తాతయ్య కోర్టుకు పోయి స్టే తెచ్చేవారు. ఫీజు మాట ఎత్తకుండా మూడుసార్లు తెచ్చారు. ఆయన ఎన్నికల్లో గెలిచారంటే అందుకే గెలిచారు. ఓట్ల రోజున అక్క ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఆర్పేసి, బస్తీలోని ముసలివాళ్లందరినీ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి లైన్లో నిలబెట్టింది.

గెలిచిన రెండో ఏడు ఒక బిల్లు వచ్చింది. రోడ్ల కోసం బస్తీలను ఖాళీ చేయించేటప్పుడు, ఎవరూ కోర్టుకు పోయి స్టే తెచ్చుకోవడానికి వీల్లేదని అందులో ఉంది. అది పాసైతే అక్క ఇల్లు ఇక దక్కదు. తెచ్చింది తాతయ్య పార్టీయే. ఆయనకు మంత్రి పదవి వస్తుందని అప్పటికే ఇంట్లో గుసగుసలు నడుస్తున్నాయి. అక్క వచ్చి గుమ్మంలో నిలబడితే, ఆ బిల్లుకు నా నోట ఔ అనే మాట రాదు, ఫికర్ చెయ్యకని ఆయన మాటిచ్చారు. కళ్లారా చూడమని ఆమెకూ నాకూ అసెంబ్లీ గ్యాలరీ పాసులు కూడా ఇప్పించారు.

ఇద్దరం నడిచే వెళ్లాం. అక్క పెళ్లినాటి పట్టుచీర కట్టుకుంది. గ్యాలరీలో చెప్పులు విడవాలేమోనని నన్ను అడిగింది. కింద ఎవరెవరో చాలాసేపు మాట్లాడారు, మాకేమీ అర్థం కాలేదు. ఆఖరున స్పీకర్ గారు అనుకూలంగా ఉన్నవారిని ఔననమన్నారు. తాతయ్య కూర్చున్న వైపు నుంచి హోరు లేచింది. వ్యతిరేకించేవారిని కాదనమన్నారు. ఎదుటి వైపు నుంచి పది పన్నెండు గొంతులు వినిపించాయి. రెండుసార్లూ తాతయ్య తల వంచుకుని ముందున్న కాగితాలు సర్దుకుంటూనే ఉన్నారు. బిల్లు పాసైపోయింది. ఆ ఔ, కాదులకు అన్నం ఉడికేంత సేపు కూడా పట్టలేదు.

దాన్ని మూజువాణి ఓటు అంటారని తరవాత తెలిసింది. అందులో పేర్లు రాసుకోరు, చేతులు లెక్కపెట్టరు, గొంతులే వింటారు.

బయట మెట్ల దగ్గరికి తాతయ్య గబగబా వచ్చారు. ఆయన ముఖంలో తప్పు చేసిన ఛాయ లేదు, కేసు గెలిచి వచ్చినప్పటి నిబ్బరమే ఉంది.

"నేనైతే ఔ అనలే. మాట తప్పలే. నువ్వే చూసినవ్ గదా," అన్నారు.

అక్క ఆయన వంకే చూస్తూ మెల్లగా అంది: "కాదని గూడ అనలే గద, ఎమ్మెల్యే సాబ్."

ఆమె ఆయన్ని అలా పిలవడం నేను వినడం అదే మొదటిసారి. ఆయనకూ అదే మొదటిసారి అనుకుంటాను.

వానలు పడకముందే బస్తీని తీసేశారు. అక్కవాళ్లు ఊరి చివరెక్కడో రేకుల గది కిరాయికి తీసుకున్నారని, మొదటి ముసురుకే ఆమె అత్త జ్వరంతో దవాఖానలో పోయిందని ఎవరో చెప్పారు. అక్కను నేను మళ్లీ చూడలేదు. తాతయ్య మంత్రి అయ్యారు, ఇంకో రెండుసార్లు గెలిచారు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అని గల్లీలో అనుకునేవారు. ఆయన అలాంటి మనిషి కాదు. అలాంటి మనిషే అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

అసెంబ్లీ నుంచి వచ్చిన ఆ సాయంత్రమే ఆయన నన్ను దగ్గరికి పిలిచి, "నా మీద కోపమొచ్చిందా బిడ్డా?" అని అడిగారు. వచ్చింది. గొంతు దాకా వచ్చింది. నేను మాత్రం నేర్చుకున్న విద్య ప్రకారం నేల చూస్తూ ఊరుకున్నాను. ఆయన నా తల నిమిరి, "నా బిడ్డకు సమజైంది," అని అమ్మమ్మతో చెప్పి, కుదుటపడి అన్నానికి లేచారు.

మౌనం అర్ధాంగీకారమంటారు. సగమని ఎవరు కొలిచారో గానీ, నేను చూసిన రెండుసార్లూ అది పూర్తి అంగీకారంగానే చెల్లింది. ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ మీటింగుల్లో, వాచ్‌మన్‌ను తీసేద్దామన్నా, పనివాళ్లు లిఫ్ట్ ఎక్కకూడదన్నా, ఒక్కదాన్నే అయినా కాదని గట్టిగా అంటాను. గయ్యాళి ముసలమ్మ అనుకుంటారు, అనుకోనీ. ఇంతమందితో కాదనగలిగాను గానీ, ఆ ఒక్క మనిషితో అనలేకపోయాను. పోయేదాకా ఆయన నేను తన పక్షమేనని నమ్మారు.