గొంతు పూడుకుపోయిన పీరీల పండుగ

ఆ పొద్దున లేచి ఉమ్మి మింగబోతే గొంతులో తుమ్మముల్లు దిగినట్టయింది. నాకు బాధకన్నా సంబరమే ఎక్కువైంది! ముందురోజు మొహర్రం పీరీల ముందు నిప్పుల గుండం చుట్టూ ఎగిరి, అరిచి, ఊదు పొగ మింగి ఆడితిమి కదా, గొంతు పోకపోతే అదేం ఆట అనుకున్నాను.

నా సంబరానికి కారణముంది. మేం సాలెవాళ్లం, మగ్గం నేసి బతుకుతాం. కానీ మా ఊరి పెద్దపీరీని మా ఇంటివాళ్లే ఎత్తాలి. మా తాత ఎత్తాడు, బాపు ఎత్తాడు. బాపు భుజం పడిపోయాక ఆ ఏడు మొదటిసారి నా వంతు వచ్చింది. కర్రకు రంగురంగుల గుడ్డ దట్టీలు కట్టిన పీరీని రొమ్ముకు ఆనించుకుని, డప్పులు మోగుతుంటే ఊరంతా చూడంగా నడవడమంటే మాటలా! రెండు నెలల ముందు నుంచే నాకు నిద్రలో కాళ్లు ఆడేవి.

పీరీ ఎత్తేవాడు పండుగ అయ్యేదాకా ఒక్కపొద్దు ఉండాలి. పగలు తిండి మాని, పొద్దుగూకాక ఒక్కపూట తినాలి. అందరూ ఉండేది అంతే. నేను ఊరుకుంటానా? పగలు మంచినీళ్లు కూడా ముట్టనని పీరీలను నిలిపే కొట్టం ముందు, పదిమందిలో మొక్కాను. ఎవరూ అడగలేదు. నా అంతట నేనే మీసం మెలేసి మొక్కాను.

గొంతు పట్టిన మర్నాటికి నొప్పి కుడిచెవిలోకి ఎక్కింది. నా పెండ్లాం రాజవ్వ ఉప్పునీళ్లు కాచి తెచ్చింది.

"పుక్కిలించి ఊంచెయ్యి. మింగుమన్ననా నిన్ను?"

"ఒక్క సుక్క లోపలికి జారినా నా ఒక్కపొద్దు గంగల కలుస్తది."

"నువ్వే గంగల కలిసేటట్టున్నవ్. జర అద్దంల మొగం సూస్కో."

చూసుకోలేదు. పొద్దుగూకాక అంబలి తాగబోతే గుటక దిగలేదు. నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చాయి. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది. నోరు వేలెడంత కూడా తెరుచుకోవడం లేదు, చొల్లు కారుతోంది. నేనేదో అంటే బాపు నన్ను ఎగాదిగా చూశాడు.

"నోట్లె ముద్ద వెట్టుకొని మాట్లాడుతున్నవేందిరా? నడువు దవాఖానకు!"

బాపూ రాజవ్వా నన్ను చెరోపక్క పట్టుకుని బస్సెక్కించారు. కరీంనగర్ చేరేదాకా నాకు ఒకటే ఫికర్, పీరీలను ఊరేగించే సవారీ నాటికి నిలబడగలనా లేదా అని. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. దవాఖానలో డాక్టరుగారు కృష్ణా జిల్లా వైపు మనిషి. టార్చిలైటు వేసి నా గొంతులోకి తొంగిచూశారు.

"టాన్సిల్ వెనకాల పస్ పట్టింది. దీన్ని క్విన్సీ అంటారు. ఇప్పుడే డ్రెయిన్ చెయ్యాలి. ఇంకా వాచిందంటే ఊపిరికే అడ్డం. నీళ్లు సరిగా తాగుతున్నాడా?"

"తాగుతలేడు సారూ. మొక్కట!" రాజవ్వ కసిగా చెప్పింది.

"డీహైడ్రేషన్ కూడా ఉంది. అందుకే ఇంత నీరసం."

నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, గొంతులో ఏదో చేదు మందు చిమ్మి, సన్నటి కత్తితో గాటు పెట్టారు. "ఉమ్మెయ్! ఉమ్మెయ్!" అని డాక్టరుగారు గదమాయించారు. చీము, నెత్తురు పళ్లెంలో పడ్డాయి. ఛీ, ఏం కంపు! కానీ ఆ మరుక్షణమే నా చెవి నొప్పి సగం పోయింది. ఉమ్మి మింగాను. దిగింది! ఉమ్మి మింగడంలో ఇంత సుఖముందని అంతకుముందు నాకు ఎప్పుడైనా తెలుసా? డాక్టరుగారి చేతులు పట్టుకుని ఊపేశాను. పెన్సిలిన్ ఇంజెక్షన్ తెస్తుంటే మాత్రం అడగకుండా ఉండలేకపోయాను.

"సూదేస్తే ఒక్కపొద్దు పోతదా సారూ?"

"పోదులేవయ్యా," అని నవ్వారు. "కానీ మంచినీళ్లు మానావంటే మళ్లీ మొదటికొస్తావు. గంటగంటకూ తాగాలి. ఒక్క రెండు రోజులు ఇక్కడే ఉండు."

ఉంటే సవారీ ఎట్లా? నొప్పి తగ్గింది కదా అని బాపును సతాయించి ఇంటికి వచ్చేశాను. మా ఊరి కంపౌండరు సూదులు వేస్తానన్నాడు. సూదులైతే వేయించుకున్నాను గానీ, పగలు నీళ్లు ముట్టలేదు. మొక్కు మొక్కే కదా! మర్నాడు మధ్యాహ్నం కొట్టానికి బయల్దేరి గడప దాటానో లేదో, కళ్లు బైర్లుకమ్మి వాకిట్లో పడ్డాను. జ్వరం మళ్లీ ఎక్కింది.

ఈసారి రాజవ్వ నాతో వాదన పెట్టుకోలేదు. తిన్నగా పీరీల కొట్టానికి పోయి ముజావర్ చాంద్ సాబ్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. పీరీలకు ఊదు వేసేదీ, దట్టీలు కట్టేదీ ఆయనే. ఊరందరికీ తాతే. ఆయన చేతిలో బెల్లం షర్బత్ ముంత ఉంది.

"ఏందిరా ఎంకటీ, నీళ్లు ముడ్తలేవట?"

"పీరుకు మొక్కిన తాతా."

"నిన్ను పీరు అడిగిండా?"

తాత ముంతను నా ముందు పెట్టాడు.

"కర్బలా లడాయిల మన పీరుకు, ఆయన పిల్లలకు నీళ్లు బంద్ వెట్టింది ఎవరు? పగోళ్లు! పక్కకే నది పారుతుంటె ఒక్క సుక్క తాగనియ్యలే. గందుకేరా గీ పండుగల అందరికి షర్బత్ పోస్తం. నువ్వేమొ పీరు పేరు జెప్పి నీ గొంతుకే నీళ్లు బంద్ వెడ్తివి. ఇంతకు నువ్వు ఎవల దిక్కురా?"

చిన్నప్పటి నుంచి ఆ షర్బత్ తాగుతున్నాను, అది ఎందుకు పోస్తారో ఒక్కనాడైనా ఆలోచించలేదే! ముంత అందుకుని తాగాను. గుటకగుటకకూ గొంతు మండింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ఆపలేదు.

"సాబాష్. కని ఈ ఏడు నీకు ఎత్తే బలం లేదు. నీ తమ్ముడు మల్లేశం ఎత్తుతడు," అన్నాడు తాత. అప్పుడు మాత్రం చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాను.

సవారీనాడు మెడకు తువ్వాల చుట్టుకుని మా వాకిట్లో షర్బత్ గోళెం ముందు కూర్చున్నాను. నీళ్లు తాగుతూ సూదులు వేయించుకోవడంతో జ్వరం పోయింది గానీ, గొంతు ఇంకా పెగలడం లేదు. డప్పులు దగ్గరికి వచ్చాయి. పీరీ మా వాకిట్లో ఆగింది. దాని కింద మల్లేశం, ఎండకు మొహం నల్లగా కమిలిపోయి, పెదాలు పగిలి, కాళ్లు వణుకుతున్నాయి. లోటా నింపి వాడి నోటికందించాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

"వద్దన్నా. నీ మొక్కు నేను పట్టిన."

నాకు తెలియకుండా నా తమ్ముడు నా మొక్కు మోస్తున్నాడు! ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, నా గొంతు ఒక్కసారిగా పెగిలింది.

"తాగు తమ్మీ! తాగినంకనే పీరీ కదిలేది!"

ఆ బొంగురు కేకకు డప్పులు ఆగిపోయాయి. మల్లేశం చాంద్ సాబ్ తాత వైపు చూశాడు. తాత తలూపాడు. వాడు నా చేతిలోంచే లోటా మొత్తం తాగి, ఇంకో లోటా అడిగాడు. జనం ఒక్కసారిగా కేకలేశారు. డప్పులు మళ్లీ అందుకున్నాయి. పీరీ ఎత్తినా నాకు అంత ఆనందం అయ్యేది కాదు, ఒట్టు!

ఆ పై ఏడు నేనే ఎత్తాను, ఇప్పటికీ ఎత్తుతున్నాను. టాన్సిల్స్ మళ్లీ నా జోలికి రాలేదు. ఎత్తే ముందు చెంబెడు షర్బత్ అందరి ముందూ గటగటా తాగుతాను. కొందరు ముసలివాళ్లు గొణుగుతారు, గొణగనీ.

మీలో రోజా ఉండేవాళ్లున్నారు, ఏకాదశి ఉండేవాళ్లున్నారు. ఉండండి, నేను వద్దనను. కానీ గొంతునొప్పి చెవికెక్కినా, నోరు తెరుచుకోకపోయినా, ఉమ్మి దిగకపోయినా పండుగ అయ్యేదాకా ఆగకండి. ముందు నీళ్లు తాగి, ఆ పూటే దవాఖానకు పొండి. మొక్కు ఆగుతుంది. చీము ఆగదు.