తప్పులు పట్టని పత్రిక

మా ఆయన ఉదయగిరి ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్న రోజులవి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. దుత్తలూరు వైపు పల్లెల నుంచి నడుములు బిగుసుకుపోయిన మనుషులు వచ్చేవాళ్ళు. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలుండేవి. వాళ్ళ తాతలకూ అట్లాగే ఉండేవి గనుక దాన్ని జబ్బని ఎవరూ అనుకోలేదు. బావి నీళ్ళలోనే ఏదో ఉందని ఈయన కనిపెట్టారు.

ఆ పల్లెల్లో ఒకదాని నుంచి ఒక కూలి మనిషి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చేవాడు. అతనికి అప్పటికే నడుము వంగదు. పిల్లకు ఆరేడేళ్ళుంటాయేమో, మోకాళ్ళు నొప్పులని ఏడ్చేది.

"నా సంగతి వదిలెయ్యండి సారూ. ఈ బిడ్డ కాళ్ళు నిలబడితే చాలు" అన్నాడు.

ఆ బావి నీళ్ళు మానమన్నారు ఈయన.

"మానేసి ఏం తాగేది? ఊరికంతా అదొక్కటే ఉండాది."

నిజమే. వేరే నీళ్ళు రావాలంటే సర్కారు తేవాలి. నెల్లూరులో పై అధికారిని అడిగితే, ఏదైనా మంచి వైద్య పత్రికలో వేయించి పట్టుకురండి, అప్పుడు చూద్దాం అన్నాడట. ఈయన కూర్చుని ఇంగ్లీషులో వ్యాసం రాశారు. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని శుభ్రప్రతి నాతో రాయించారు. రాస్తూ రాస్తూ ఆ జబ్బంతా నాకూ తెలిసిపోయింది.

ఏ పత్రికకు పంపాలన్నది తేలలేదు. ఆత్మకూరులో ఒక ముసలి డాక్టరుగారు పత్రికలు తెప్పిస్తారని విని ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. ఆయన రెండు మా ముందు పడేశారు. ఒకటి బూడిదరంగు అట్ట, చూస్తేనే నిద్రొస్తుంది. రెండోది నున్నటి కాగితం, అట్ట మీద విదేశీ డాక్టర్ల పేర్లు.

"అట్ట చూసి మోసపోబాకయ్యా. అచ్చుకి ముందు నీ వ్యాసం ఎవరన్నా చదివి తప్పులు పడతారా లేదా, అది చూడు. మెడికల్ కాలేజీ లైబ్రరీలో దాన్ని బైండు చేసి దాచుకుంటారేమో కనుక్కో. ఆ రెండోదాని చివరి పేజీలు తిప్పు, ఏం అమ్ముతుండారో."

తిప్పాం. జుట్టు నూనెలు, బలానికి లేహ్యాలు.

బూడిదరంగు పత్రికకే పంపాం. చాలా నెలలకు జవాబొచ్చింది. అంతా ప్రశ్నలే. చెరువు నీళ్ళు తాగే ఊళ్ళలో ఈ జబ్బుందో లేదో చూశారా? బావి నీళ్ళను పరీక్ష చేయించారా? ఇవి తేల్చి పంపితే మళ్ళీ చదువుతామన్నారు. నాకైతే సబబుగానే అనిపించింది. ఈయనకు తల కొట్టేసినట్టయింది.

"రోజూ చూస్తున్నవాణ్ణి నేను. మద్రాసులో ఫ్యాను కింద కూర్చున్నవాడికి సంజాయిషీ ఇచ్చుకోవాలా?"

"అడిగినవి చేసేస్తే పోతుంది కదండీ."

"చేసేసరికి ఇంకో ఏడాది. అందాకా ఆ పిల్ల ఆ నీళ్ళే తాగాలా?"

అది ఉత్త సాకైతే పోట్లాడేదాన్ని. అందులో సగం నిజం, సగం రోషం. ఏది ఎంతో ఆయనకే తెలియదు.

నున్నటి పత్రిక వాళ్ళు తిరుగు టపాలోనే ఒప్పుకున్నారు. అమూల్యమైన పరిశోధన అన్నారు. ఒక్క ప్రశ్న అడగలేదు. మరుసటి నెలలోనే అచ్చయింది. ఒక పేజీలో మా బావి, ఎదుటి పేజీలో నడుంనొప్పి తైలం. ఈయన సంబరంగా ఊరంతా చూపించారు. ఆ కూలి మనిషికి కూడా, మీ ఊరి సంగతి అచ్చయింది, ఇక భయం లేదన్నారు.

నెల్లూరు అధికారి దాన్ని తిరగేసి, తైలం బొమ్మ దగ్గర ఆగి నవ్వాడట.

"ఏం డాక్టరుగారూ, మీరు కూడా తైలం అమ్ముతుండారా?"

అప్పుడు దిగారు అసలు పనిలోకి. ఆ వేసవంతా ఎండలో పడి చెరువు నీళ్ళు తాగే ఊళ్ళు తిరిగారు, బావి నీళ్ళు సీసాల్లో పట్టి మద్రాసు పంపారు. అడిగిన ప్రతిదానికీ సమాధానం తెచ్చారు. నేను మళ్ళీ శుభ్రప్రతి రాశాను. బూడిదరంగు పత్రిక నుంచి రెండే వాక్యాలు వచ్చాయి. ఈ విషయం ఇదివరకే వేరేచోట అచ్చయినట్టు తెలిసింది. ఒకచోట అచ్చయినదాన్ని మేము వేయము.

వాళ్ళ నియమం సరైనదే కావచ్చు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ నియమం మీద, నవ్విన అధికారి మీద, అన్నిటికన్నా ఎక్కువగా మా ఆయన మీద. మనిషి పోయి ఇన్నేళ్ళయినా ఆ కోపం పోలేదు.

తరవాత మమ్మల్ని ఆత్మకూరుకు మార్చారు. కొన్నేళ్ళకు ఒకరోజు మా ఇంటి ముందు ఎద్దుల బండి ఆగింది. ఆ కూలి మనిషే. తల ఛాతీ మీదికి వాలిపోయి ఉంది. మాట్లాడాలంటే కళ్ళు మాత్రం పైకెత్తుతున్నాడు. కూతురు బండిలోనే కూర్చుంది. ఎదిగిన పిల్ల. మోకాళ్ళు లోపలికి వంకరపోయి ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి.

"అచ్చేసినారని చెప్తిరి గదా సారూ. నీళ్ళెప్పుడిస్తారో కనుక్కోని పోదామని వచ్చినాను."

ఈయన కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయారు. చెప్పడం నా వంతయింది.

"ఇవ్వరయ్యా" అన్నాను.

అతను మెల్లగా బండి దగ్గరికి నడిచి, కూతురితో చెప్పాడు.

"ఇస్తారంటమ్మా. కొంచెం ఆలీసమవతాదంట."