ఒకటో తరగతిలో ఋషి

మా ఒకటో తరగతి అయివారు ప్రాజెక్టు చేద్దామన్న రోజు సాయంత్రం ఊళ్లో పెద్దలు కూడారు.

ఆయన కొడవలూరు వైపు మనిషి. వరి పొలాల మధ్య పెరిగారు. మా ఊరి బడికి వచ్చేదాకా సముద్రం చూసి ఎరగరు. ట్రైనింగ్ అయి నెల కాలేదు. పిల్లలు నోటితో వల్లె వేస్తే చదువు రాదని, కళ్లతో చూసి చేత్తో తాకితేనే వస్తుందని అక్కడ నేర్పారట. అందుకని "రేపటి నుంచి మనం అక్షరాల ప్రాజెక్టు చేస్తున్నాం" అన్నారు. మేం ఇళ్లకు పోయి ఆ మాటే చెప్పాం. ప్రాజెక్టు అంటే అప్పట్లో మా ఊరివాళ్లకు తెలిసింది ఒక్కటే, ఆనకట్ట. ఎక్కడో కృష్ణ మీద పెద్దది కడుతున్నారనీ, ఊళ్లకు ఊళ్లు లేపేస్తున్నారనీ విని ఉన్నారు.

"సముద్రానికి అడ్డం కడతారంటనా?" అని మా నాయన నన్ను అడిగాడు.

"ఏమో, అయివోరు చెప్పినాడు" అన్నాను.

నలుగురు పెద్దమనుషులు బడికి వెళ్లారు. అయివారు అరగంట సేపు ఓపిగ్గా వివరించారు. వాళ్లు తిరిగొచ్చి, "ఆనకట్ట కాదంటబ్బా. పిల్లకాయలు ఒక్కో అచ్చరానికి ఒక్కో వస్తువ ఎత్తుకుపోవాలంట. వచ్చే వారం ఇనస్పెట్రు వస్తాడంట" అని చెప్పారు. ఊరు కుదుటపడింది.

అయివారు మాకు అక్షరాలు పంచారు. నాకు ఋ వచ్చింది. వాచకంలో ఋ పక్కన గడ్డం పెంచుకుని కళ్లు మూసుకున్న ఋషి బొమ్మ ఉండేది. బొమ్మ గీసి తెస్తే చాలని అయివారి ఉద్దేశం కాబోలు. ఆ ముక్క మాతో అనలేదు. చూసి తాకేదే తేవాలన్నారు. నేను ఊళ్లో అందరినీ తలుచుకుని చూశాను. గడ్డం ఉన్న మనిషి మా ఊళ్లో ఒకడే, మా ఇంటి పక్కన వలలు అల్లే తాత. పెంచలకోన మొక్కు కోసం జుట్టూ గడ్డమూ వదిలేశాడు. ప్రయాణం కుదరక నాలుగేళ్లుగా అవి పెరుగుతూనే ఉన్నాయి.

"తాతా, రేపు నువ్వు రుషివి. బడికి రావాల" అన్నాను.

"ఏం చెయ్యాల?"

"కళ్లు మూసుకోని కదలకండా కూర్చోవాల."

"అది నేను రోజూ చేసేదే గదమ్మే" అని ఒప్పుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చే రోజు పొద్దున్నే మా బడి తాటాకుల పాక నిండిపోయింది. అ వచ్చినవాడు వాళ్లమ్మనే తెచ్చాడు. ఆమె చేపలమ్మడానికి విడవలూరు పోవలసిన మనిషి. తట్ట నెత్తిన పెట్టుకునే వచ్చి, "అయివోరా, నన్ను బిన్నా చూపించి పంపండి, చేపలు చెడిపోతాయి" అని తొందర చేసింది. ఈ వచ్చినవాడు రెండు రోజులు తంటాలుపడి సీసాలో మూడు ఈగలను పట్టుకొచ్చాడు. చేపల తట్ట కింద దించగానే పాకలో ఎటు చూసినా ఈగలే. వాడు సీసా పట్టుకుని ఏడుపు మొహం పెట్టాడు. ఏ వచ్చిన పిల్ల ఏనుగు దొరక్క ఏలక్కాయ తెచ్చింది. ఇన్‌స్పెక్టరు గారి రాక ఆలస్యమయ్యేసరికి దాన్ని నమిలేసింది. ఓ వచ్చినవాడి నాయనా ఇద్దరు బాబాయిలూ తెప్ప దుంగలు భుజాన మోసుకొచ్చి, అక్కడే తాళ్లతో బిగించి, సగం పాక ఆక్రమించారు.

ఇన్‌స్పెక్టరు గారు సైకిలు దిగి లోపలికి వచ్చి పాకంతా కలియజూశారు. తర్వాత తెప్ప చూపించి, "ఇది ఓడా?" అన్నారు.

"ఇంకా ఎదగలే సార్" అన్నాడు ఓ వచ్చినవాడు.

ఆయన నవ్వలేదు. రిజిస్టరు అడిగి తలలు లెక్కపెట్టారు. మేం ఇరవై నలుగురం. చాప మీద ఇరవై ఐదు మంది ఉన్నారు. ఎందుకంటే తాత నా పక్కనే, నా పలక ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"తమరెవరు?"

తాత కళ్లు తెరవకుండానే, "రుషినంట సామీ. ఈ పిల్ల చెప్పింది" అన్నాడు.

"రిజిస్టరులో లేనివాళ్లు విద్యార్థుల చాప మీద కూర్చోకూడదు. లేపండి, లేదా పేరు రాయండి."

"తాతా, కాస్త లేస్తావా?" అన్నారు అయివారు.

"ఎట్టా లేసేది? కదలొద్దనింది గదా!"

ఋ అక్షరం ఎక్కడ పోతుందోనని అయివారు కంగారుపడి కలం తీసి తాత పేరు రాసేశారు. వయసు దగ్గర ఆగారు. తాతకు తన వయసు తెలియదు. ఇన్‌స్పెక్టరు గారు నిబంధన గుర్తుచేశారు. "ఐదేళ్లు నిండి ఉండాలి. నిండాయా?"

తాత కాసేపు ఆలోచించి, "నిండుంటాయి సామీ" అన్నాడు.

"ఐదు నిండినవి" అని రాశారు. ఇన్‌స్పెక్టరు గారు సంతకం పెట్టి, ఈగలు తోలుకుంటూ వెళ్లిపోయారు.

మర్నాడు తాత మళ్లీ వచ్చాడు. వద్దులే తాతా అని అయివారు ఎంత చెప్పినా, "పేరుండాది గదా, రాకపోతే తప్పు" అన్నాడు. గుంజకు ఆనుకుని, చేతులతో వల అల్లుతూనే మాతోపాటు అ ఆ లు చదివేవాడు. రాని రోజు అయివారు హాజరు పిలిచి, జవాబు రాక, మమ్మల్ని తాత ఇంటికి తోలేవారు. మేం వెళ్లి బడి ఎగ్గొట్టిన తాతను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాళ్లం. నాకు మొదట్లో సిగ్గుగా ఉండేది, ఇదంతా నావల్లే జరిగిందని. పోనుపోను మా తరగతిలో గడ్డం ఉన్నవాడు ఉన్నాడని పక్క ఊరి పిల్లల దగ్గర గొప్పలు చెప్పుకున్నాను.

ఏడాది చివర అందరం పాసయ్యాం. తాత అయివారి దగ్గరికి వెళ్లి బతిమాలాడు. "రెండోదాంట్లో కూడికలంట, నావల్ల కాదు. నన్నీడే ఉంచండి." ఆయన పాపం, ఫెయిల్ చేశారు. ఆ తర్వాత ఏడు మా తమ్ముడూ తాతా ఒకే తరగతి. అలా నాలుగేళ్లు గడిచాయి.

అప్పుడు అయివారికి మనుబోలుకు బదిలీ అయింది. కొత్తగా వచ్చిన ఆయన ఖచ్చితమైన మనిషి. రిజిస్టరు చూశారు, తాతను చూశారు, మళ్లీ రిజిస్టరు చూశారు. పేరు ఊరికే కొట్టేయడానికి వీల్లేదట. టి.సి. ఇచ్చే పంపాలట. తాత వేలిముద్ర వేయబోతే, పక్కనున్న పిల్లలు కేకలేశారు, "తాతా, నీకు రాయడం వచ్చు గదా!" తాత చెమటలు కక్కుతూ సంతకం చేశాడు.

ఆ సాయంత్రం కాగితం తీసుకుని మా ఇంటికి వచ్చాడు. నేను చదివి పెడతానని చెయ్యి చాపితే ఇవ్వలేదు. అరుగు మీద కూర్చుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ తనే చదివాడు.

"ప్ర... వర్తన... మం...చి...ది."

తలెత్తి మా అమ్మను పిలిచి, ఆ వరస మళ్లీ మొదటినుంచి చదివి వినిపించాడు.