ముందు వరస

మందుల షాపులో ఆమెను అందరూ ఎక్స్‌పైరీ అక్క అంటారు. గడువు తేదీ చూడనిదే దగ్గు మందు సీసా కూడా ఆమె చెయ్యి దాటదు. పెళ్లిచూపుల్లో తననూ వెనక్కి తిప్పి తేదీ చూసిందని మొగుడు ఇప్పటికీ వేళాకోళమాడతాడు.

ఆమెతో ఫార్మసీ చదివినవాళ్లలో ఒకామె మందుల కంపెనీలో పెద్ద హోదాలో ఉంది. ఇంకొకాయన కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. పరీక్షల్లో ఈమె పేపరు చూసి రాసినవాడు డ్రగ్ ఇన్‌స్పెక్టరై షాపులవాళ్లను గడగడలాడిస్తున్నాడు. ఈమె మాత్రం షాపు వెనక గదిలో, అరల మధ్య, జుట్టు నెరిసేదాకా ఉండిపోయింది. ఎదుగూ బొదుగూ లేని ఉద్యోగం. అదైనా నిలిస్తే చాలనుకునే రోజులొచ్చాయి, ఎందుకంటే ఈమధ్య డిగ్రీ చేతపట్టుకుని ఓ కొత్తమ్మాయి చేరింది. కంప్యూటర్ మీద ఆ పిల్ల వేళ్లు ఆడించే తీరు చూసి అక్క గుండెల్లో రాయి పడింది.

ఆపైన యజమాని గుసగుసలు. ఈమె అడుగు వినబడితే చాలు, మాట ఆపేస్తాడు. వడ్రంగిని పిలిచి ఏవో కొలతలు తీయించాడు. ఒకరోజు చెక్క గోడ అవతల నుంచి మాట వినబడనే వినబడింది: "అక్కని ఇక ముందుకు జరిపేద్దాం."

ముందుకు జరపడమంటే ఏమిటో ఆమెకు తెలియదా? గడువు దగ్గరపడ్డ మందుల్ని అరలో ముందు వరసకు జరుపుతారు, తొందరగా వదిలించుకోవడానికి.

"ఆయన్నే అడిగి చూడవే" అన్నాడు మొగుడు.

"అడిగితే నిజం చెప్తాడా? అసలు ఆ నవ్వే తేడాగా ఉంది."

మర్నాడు యజమాని నవ్వుతూ "అక్కా, మీతో ఓ మాట" అన్నాడో లేదో, ఆమె అందుకుంది.

"తెలుసులెండి. నన్ను ముందుకు జరపొద్దు. నా వెనక గది నాకు చాలు."

యజమాని తెల్లబోయాడు. "అంత ఇష్టం లేదా? సరే, బలవంతం ఏముంది" అన్నాడు. ఆ నవ్వు ఆరిపోవడం చూసి, దొంగ దొరికాడనుకుంది అక్క.

వారం తిరిగేసరికి షాపు ముందు అద్దాల గది లేచింది. తలుపు మీద 'మందుల సలహాదారు' అని రాసుంది. లోపల కొత్తమ్మాయి ఓ ముసలాయనకు మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెబుతోంది. ఆయన వెళ్లాక అక్కను చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇది మీకోసమే కట్టించాలనుకున్నారక్కా. జీతం కూడా పెంచుదామనుకున్నారు. మీరే వద్దన్నారటగా?"

నోటికాడి కూడు తన చేత్తోనే తోసేసుకుంది. అక్కకు ఏడుపొచ్చింది. వెనక గదిలోకి వెళ్లబోతూ ఆగి, ఆ మెత్తటి కుర్చీని ఎగాదిగా చూసింది.

"దీని గ్యారంటీ ఎన్నాళ్లో అడిగావా?"

"లేదక్కా."

"అడగాలమ్మా" అని, వెనక గదిలోకి నడిచింది.