పుట్టింటి పడవ

ఆ వేసవంతా నా కలల్లోకి లంగరు వచ్చేది. బొటనవేలంత గుడ్డముక్క మీద నీలం దారంతో కుట్టిన లంగరు బొమ్మ అది. వారం రోజులు గోదావరి మీద తెరచాప పడవలో తిరిగి, తన వంట తనే వండుకుని, తన పడవ తనే నడుపుకుని వచ్చిన స్కౌటు చొక్కాకి ఆ బ్యాడ్జి కుడతారట. మా డ్రిల్లు మాస్టారు ఆ మాట చెప్పిన రోజు నేను బడి నుంచి ఇంటిదాకా ఆగకుండా పరిగెత్తాను. ఎనిమిదో తరగతి పరీక్షలు ఎలా రాశానో ఆ దేవుడికే తెలియాలి!

మా ఇంట్లో నిజం లంగరు కూడా ఒకటి ఉండేది. పెరట్లో కోళ్ళగూడు పక్కన తుప్పు పట్టి పడి ఉండేది. అది తాతయ్య పడవది. తాతయ్య పోయాక నాన్న ఆ పడవ కొన్నాళ్ళు నడిపాడు. సరుకంతా లారీల మీద పోవడం మొదలయ్యాక ఇక లాభం లేదని దాన్ని ఒక కొబ్బరికాయల షావుకారుకి అమ్మేసి, రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు లారీలకెత్తే పనికి కుదిరాడు. ఆ షావుకారు కొత్త లంగరు చేయించుకున్నాడు, పాతది మాకు మిగిలింది. నాన్న దానివైపు చూసేవాడే కాదు. కానీ అమ్మ ఒకసారి దాన్ని పాత ఇనుముకి వేసేద్దామంటే ఆ పూట అన్నం మానేశాడు.

పడవతోపాటు మాకు మేనత్త కూడా దూరమైంది. నాన్నకి ఒక్కతే అక్క. మురమళ్ళ దగ్గర, గౌతమి పాయ ఒడ్డున ఉన్న ఊరికి ఇచ్చారు. పడవల మీద బతికే మావాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. పుట్టింటి పడవ ఆడపడుచు ఉన్న రేవు మీదుగా పోతే ఆగి తీరాలి. ఆవిడ పడవలో ఉన్నవాళ్ళందరికీ అన్నం పెట్టాలి. తిన్నాక ఆవిడే తన చేత్తో తాడు విప్పి సాగనంపాలి. తాతయ్య ఉన్నన్నాళ్ళూ ఇది తప్పలేదు. పడవ అమ్మేశాక అదే పడవ, అదే తెరచాప, ఎవరి సరుకో వేసుకుని ఆవిడ రేవు ముందు నుంచి ఆగకుండా పోయింది. "నా పుట్టిల్లు అమ్మేసేడని చెప్పండి వాడితో" అని అత్తయ్య కబురంపింది. అప్పటి నుంచి క్రిస్మస్‌కి కూడా మా గుమ్మం తొక్కలేదు. నాన్నా వెళ్ళలేదు. ఇద్దరూ ఇద్దరే, మొండిఘటాలు!

ఇప్పుడు అసలు సంగతి వినండి. మా మాస్టారు స్కౌట్ల కోసం బాడుగకి మాట్లాడిన పడవ ఏదనుకున్నారు? అదే!

ఆ సంగతి చెప్పగానే నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. "లంగరు బ్యాడ్జి తెస్తాను నాన్నా" అన్నాను వెనకాలే వెళ్ళి.

"తెచ్చి ఏం చేస్తావురా? అరటి గెలకి కడతావా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం ఎక్కువని మా అమ్మ ఇప్పటికీ అంటుంది, ఊరికే అనదు. ఆ లంగరు తెచ్చి నాన్న కళ్ళముందు పెట్టకపోతే నేను మనిషినే కాదనుకున్నాను.

ముక్తేశ్వరం దగ్గర మా రేవులో పొద్దున్నే పడవెక్కాం. ఖాకీ నిక్కర్లు, మెడలో స్కార్ఫులు, గిన్నెలు, బియ్యం మూట, ఒకటే గోల. షావుకారు తరఫున ఆ పడవ నడిపే ముసలి సరంగు ఒకాయన మాతో వచ్చాడు. ప్రాణం మీదికొస్తే తప్ప దేనిమీదా చెయ్యి వెయ్యకూడదని మాస్టారు ఆయన దగ్గర మాట తీసుకున్నారు. పాపం, ఆయన చేతులు కట్టుకుని కూర్చునేవాడు గానీ, మేం తాడు తప్పుగా కట్టినప్పుడల్లా "అయ్యయ్యో, ఆయ్, ఆయ్..." అని మూలిగేవాడు.

తెరచాప మేమే ఎత్తాం. అరుపులు, తోపులాట, చేతులు బొబ్బలు! సగం దాకా ఎక్కి అది చిక్కుకుంది, మళ్ళీ దించాం, మళ్ళీ ఎత్తాం. అప్పుడు ఫట్‌మని గాలి పట్టింది. పడవ పక్కకి ఒరిగి, ముందుకి ఉరికింది. కాళ్ళ కింద బల్లలు కిర్రుమన్నాయి. అందరం ఒక్కసారే కేకలు పెట్టాం. మా తాతయ్య పడవ! అది కదిలితే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఆనందం పట్టలేక నేను తెరచాప కొయ్యని కావలించుకున్నాను. ఎవరైనా నవ్వుతారేమోనన్న సిగ్గు కూడా లేకపోయింది.

మాస్టారిది అనంతపురం వైపు. ఇంత నీళ్ళు ఒకచోట చూడటం ఆయనకింకా కొత్త. మా కోనసీమ మర్యాదలు అంతకన్నా కొత్త. మొదటి రోజే ఒక లంక దగ్గర ఇసుక మేట ఎక్కేశాం. మళ్ళీ పోటు వచ్చి నీళ్ళు పెరిగేదాకా కదలడానికి లేదు. ఇంతలో ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు మమ్మల్ని చూశారు. ఇంకేముంది, గిన్నెలు నెత్తిన పెట్టుకుని నీళ్ళలో నడిచి వచ్చేశారు.

"ఎవరి పిల్లలోనండీ, ఎండలో వాడిపోతన్నారండీ! రెండు ముద్దలు తినిపొండి బాబూ!"

"వద్దమ్మా, పిల్లకాయలు తినకూడదు. ఒడ్డున ఎవరు పెట్టినా తినేది లేదని ప్రమాణం చేసినారు" అన్నారు మాస్టారు.

అంతే, ఆవిడ ముఖం ముడుచుకుపోయింది. "అంటే మా చేతి కూడు తినరాండీ? మేమేం పాపం చేశామండీ?"

మాస్టారు చేతులు జోడించారు, దండం పెట్టారు, రూలు చెప్పారు. ఎవరు వింటారు! అన్నం వద్దన్నందుకు ఊరు ఊరంతా చిన్నబుచ్చుకుని వెనక్కి వెళ్ళిపోయింది. మేం అడుగంటిన గంజి అన్నంలో ఉప్పు కలుపుకుని తిన్నాం. వాళ్ళ గిన్నెల్లో పులుసు వాసన మాత్రం ఇంకా ముక్కుల్లోనే ఉంది. ఆ మర్నాటి నుంచి ఏ ఊరు కనపడినా మాస్టారు ఒకటే కేక: "ఒడ్డుకు దూరంగా పోనియ్యప్పా! అన్నం పెట్టేస్తారు!"

రోజూ ఒకళ్ళకి చుక్కాని వంతు. మురమళ్ళ దాటేరోజు వంతు నాకొచ్చింది. పొద్దున పొంగిపోయాను. పాటు నీళ్ళు కిందికి లాగుతున్నాయి, గాలి వెనక నుంచి ఉంది, పడవ నా చేతిలో మాట వింటోంది. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి! అప్పుడు సరంగు నా పక్కకొచ్చి, "కుడివేపు చూడకు బాబూ. చూశావంటే పోలేవు" అన్నాడు.

చూడకుండా ఎలా ఉంటాను? రేవులో ఒకావిడ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. చేతుల్లో మూత పెట్టిన గిన్నె.

"మీ మేనత్తగారే. ఈ పడవ వత్తందంటే చాలు, వచ్చి నిలబడతారండి ఆవిడ. ఆపమని అడగరు. చూసి ఎల్లిపోతారు. ఆపొద్దని మా షావుకారు మాట, నేనేం చెయ్యను" అన్నాడు సరంగు. "గిన్నెతో రావటం మాత్రం ఇదే. నువ్వున్నావని వలలవాళ్ళు చెప్పుంటారు."

పడవ రేవుకి ఎదురుగా వచ్చింది. అత్తయ్య చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి చూసింది.

"మా తమ్ముడి కొడుకువేనా?" అని అరిచింది.

"అవునత్తయ్యా!"

"మరి ఆగవేంరా?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ కోపం తెచ్చుకుని పోయేవాణ్ణి. ముందుకు పోతే లంగరు. పక్కకు తిప్పితే అత్తయ్య. ఎందుకు పెట్టావు దేవుడా ఈ పరీక్ష నాకు అని తిట్టుకున్నాను, నిజంగానే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే తిప్పేశాను.

"ఏమి చేస్తాండావప్పా!" అని మాస్టారు పరిగెత్తుకొచ్చారు.

"నన్ను దింపండి మాస్టారూ."

"దిగితే తింటావు."

"తింటానండి."

"తింటే నీకు బ్యాడ్జి రాదు. నీ కోసమని రూలు మార్చలేను."

"మార్చొద్దండి" అన్నాను.

ఆయన నన్నూ, రేవులో ఆవిణ్ణీ మార్చి మార్చి చూశారు. "అయితే నిదానంగా పట్టు. రాళ్ళకు తగిలించొద్దు" అని తెరచాప దింపించారు.

మిగతావాళ్ళు పడవలోనే ఉండిపోయారు. నేను రేవు మెట్ల మీద కూర్చున్నాను. అత్తయ్య కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది, ఎప్పటికీ ఆమెన్ అనదే! ఆకలితో చచ్చిపోతున్నాను. చివరికి మూత తీసింది. చింతచిగురు, రొయ్యలు. అన్నంలో కలిపి ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. బాబోయ్, ఉప్పు! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లంగరు పోయినందుకు వచ్చిన ఏడుపు కూడా అందులోనే కలిసిపోయింది, అదొకందుకు మంచిదైంది. ఒక్క మెతుకు వదలకుండా తిన్నాను. పడవలోంచి మావాళ్ళు గుటకలు మింగుతూ చూస్తూనే ఉన్నారు.

చెయ్యి కడుక్కునేదాకా ఆవిడ నాన్న ఊసెత్తలేదు. అప్పుడు అడిగింది, "మీ నాన్నకి నడుంనొప్పి తగ్గిందా?" అని.

"లేదత్తయ్యా. గెలలు మోస్తాడు కదా."

అత్తయ్య లేచింది. నీళ్ళలోకి దిగి పడవ బల్లని అరచేత్తో రెండుసార్లు తట్టింది. తర్వాత తాడు తనే విప్పింది.

తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నాలు సముద్రం వైపు నుంచి పైరగాలి ఎత్తుకునేది. ఆ గాలికి మా పడవ ఏటికి ఎదురు దూసుకుపోతుంటే మాస్టారు కూడా మాతోపాటు కేకలు పెట్టారు. మా వంట కూడా మనుషులు తినేలా తయారైంది. అంత సంబరంలోనూ మధ్యమధ్య నాకు ఒకటే ఆలోచన. ఇంటికెళ్ళి నాన్నకి ఏం చూపించను?

ఆఖరి రోజు మా రేవులోకి పడవని పట్టే పని మాస్టారు నాకే ఇచ్చారు. ఒడ్డున జనం. బ్యాడ్జీలు ఇవ్వడానికి కాకినాడ నుంచి వచ్చిన పెద్దాయన తెల్ల ప్యాంటులో నిలబడి ఉన్నాడు. అందరి వెనకా, సైకిలు పట్టుకుని, చొక్కా నిండా అరటి కర మరకలతో నాన్న! రాడనుకున్నాను. వచ్చాడు. ఆయన నన్ను చూడటం లేదు, తెరచాపని చూస్తున్నాడు. నేను చుక్కాని తిప్పినప్పుడల్లా ఆయన కుడిచెయ్యి సైకిలు హ్యాండిలు మీద దానంతటదే కదులుతోంది. నేను చూశాను.

వరసగా నిలబడ్డాం. "ఈ వారంలో ఒడ్డున ఎవరి చేతి అన్నమూ తిననివాళ్ళు ఒక అడుగు ముందుకు రండి" అన్నాడు పెద్దాయన.

అందరూ ముందుకు వేశారు. నేనొక్కణ్ణే వెనక మిగిలిపోయాను. చెవులు వేడెక్కిపోయాయి. ఒకరి తర్వాత ఒకరికి నీలం లంగర్లు పంచుతుంటే నేను నా కాళ్ళకేసి చూస్తూ నిలబడ్డాను. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

నాన్న సైకిలు ఇంటివైపు తిప్పాడు. "ఎక్కు" అన్నాడు. సైకిలు వెనక ఎక్కాను. గట్టు మీద కొంత దూరం పోయాక అడిగాడు, "ఆకలికి ఆగలేకపోయావేంరా? ఎక్కడ తిన్నావు?"

"అత్తయ్య రేవులో."

సైకిలు నెమ్మదించింది. నాకు భయం వేసింది. అప్పుడు వెనక్కి తిరగకుండానే, "ఏం కూర?" అన్నాడు.

"చింతచిగురు రొయ్యలు."

"ఉప్పు?"

"బాబోయ్! నోట్లో పెట్టుకోలేకపోయాను నాన్నా."

నాన్న వీపు కదిలింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వెనక కూర్చున్నవాడికి ఏం తెలుస్తుంది! "మా అమ్మా అంతే వేసేది" అన్నాడు. సైకిలు ఆపి ఒక కాలు నేల మీద పెట్టాడు. "పడవ మళ్ళీ కిందికి ఎప్పుడెల్తాదంట?"

"రేపు పొద్దున్న పాటుకి. కొబ్బరికాయలు వేసుకుని."

"అయితే రేపు నేను పనికెళ్ళటం లేదని మీ అమ్మతో చెప్పు."

"సరంగు అత్తయ్య రేవులో ఆపడు నాన్నా. షావుకారు వద్దన్నాడంట."

"ఆపకపోతే దూకుతాను. నాకు ఈతొచ్చు" అన్నాడు నాన్న.