ఆసు మరవని చెయ్యి

మా మేనత్త గురువారం పొద్దున కన్నుమూసింది. కబురు విని వచ్చిన ఆడవాళ్ళంతా ముందు ఆమె కుడిచేతినే చూశారు. నల్లగొండ పక్క మా నేతపల్లెలో ఆ చెయ్యి తెలియని ఇల్లు లేదు.

ఆసు పోయడంలో నాకు గురువు ఆమే. ఆసు అంటే చట్రం మీది ఒంటి మేకు దగ్గర నుంచి, ఎదురుగా అర్ధచంద్రంలా నాటిన మేకుల్లో ఒక్కోదానికి పట్టుదారం తిప్పి తేవడం. చీర మీద పూలు తేలాలంటే, పోగులకు ముడులు కట్టి రంగు అద్దే ముందు రోజంతా ఇదే పని. అత్త అటు చూడకుండానే, పక్కింటామెతో ముచ్చట పెడుతూ పోసేది. ఎట్లా అని అడిగితే "నాకేం ఎరుక బిడ్డా, చెయ్యికే ఎరుక" అనేది. నేను లెక్కపెడితే "లెక్కకు చెయ్యి బెదురుతది" అని కసిరేది.

నాలుగేళ్ళ కింద పక్షవాతంతో ఆ చెయ్యే పడిపోయింది. హైదరాబాదు దవాఖానలో డాక్టరమ్మ గుండ్రటి తీగచుట్టను ఆమె తలకు ఆనించి మీట నొక్కింది. టక్కుమంది, చచ్చుబడ్డ బొటనవేలు ఎగిరింది.

"నేను లెమ్మననే లేదు, గదెట్ల లేసింది?" అంది అత్త.

"ఇది వైద్యం కాదు, పరీక్ష. చుట్టలో కరెంటు ఒక్క క్షణం పారితే పుట్టే అయస్కాంత శక్తి పుర్రె దాటి మెదడును తట్టింది. అక్కణ్ణుంచి చేతికి దారి ఇంకా ఉందమ్మా. రోజూ నడిపిస్తేనే నిలుస్తుంది" అంది డాక్టరమ్మ.

అత్తకు అందులో అయస్కాంతం ఒక్కటే వినపడింది. పాడైన రేడియోలోది ఊడదీయించి, తలగుడ్డ కింద కట్టుకుని నెల రోజులు తిరిగింది. వేలు కదలలేదు. మళ్ళీ దవాఖానకు పోతే డాక్టరమ్మ నవ్వి, "ఊరికే ఉన్న అయస్కాంతం మెదడును తట్టలేదమ్మా. మీకు వచ్చిన పనే చెయ్యండి" అంది.

అప్పటి నుంచి దారం లేని ఆసు ముందు కూర్చుని, ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని మేకు మేకుకూ తిప్పేది. ఏడాదికి ఆ చెయ్యి తనంతట తానే సగం దూరం పోయింది. అత్త దారం అడిగింది, ఇచ్చాను. పోగులు చిక్కుపడ్డాయి. పెళ్ళిళ్ళ రోజులు, చీరలు అందించాలని నాకు తొందర.

"ఇగ చాలు అత్తా, నేను పోస్త. నువ్వు జరుగు" అన్నాను.

అత్త పక్కకు జరిగింది. మళ్ళీ ఎన్నడూ ఆసు ముందు కూర్చోలేదు. ఆ మాట వెనక్కి వచ్చేదుంటే, ఆ చిక్కులు జీవితమంతా విప్పుకుంటూ ఆమె పక్కనే కూర్చునేదాన్ని.

ఆఖరి వారం మంచంలో ఆమె కుడిచెయ్యి దుప్పటి మీద పోతూ వస్తూ ఉండేది. ముందు నాకు అర్థం కాలేదు. ఆసు పోస్తోందని తెలిశాక, నా ఎడమచేతి వేళ్ళు విప్పి, వాటికెదురుగా కుడి బొటనవేలు నిలిపాను. ఆమె చెయ్యి మెల్లగా వచ్చి, లేని దారాన్ని నా చిటికెనవేలికి చుట్టింది. తర్వాత దాని పక్కవేలికి. ఒక్కటీ తప్పలేదు.

"జరగకు బిడ్డా" అంది.

పనిలో ఉండగా ఇప్పటికీ నా వేళ్ళు వాటంతట అవే అట్లా విచ్చుకుని, కాసేపు ఆగుతాయి.