సరంగు బయటికెళ్ళట్లేదు

రెండు వేల ఇరవై రెండు, మే నెల. పెందుర్తి రోడ్డులో నా క్లినిక్. ముందు గదిలో రెండు బల్లలు, లోపల పరీక్ష చేసే స్టీలు టేబులు, గోడకో ఏసీ. ఆ ఏసీ జంతువుల కోసమేగానీ మా డాక్టరుగారి కోసం కాదని మా కాంపౌండర్ పైడిరాజు వచ్చినవాళ్ళందరికీ చెప్తుంటాడు. పశువుల డాక్టరంటే ఆవులూ గేదెలే అనుకునే రోజుల్లో చదివినదాన్ని. ఇప్పుడు కుక్కలూ పిల్లులే ఎక్కువ. ఇన్నేళ్ళలో గుర్తుండిపోయిన కేసేదైనా చెప్పమంటే నా గొప్ప చాటే కేసులు నాలుగున్నాయి. అవి నాకే బోరు కొడతాయి. ఇది నేను తప్పు చేసిన కేసు.

పాత టౌనులో టార్పాలిన్లు కుట్టే కరీం భాయ్ అని ఒకాయన ఉన్నారు. పోర్టు నుంచి బొగ్గూ ఎరువులూ తీసుకెళ్ళే లారీల మీద కప్పే పట్టాలు ఆయన కొట్లోనే కుడతారు. అక్కడ పిల్లులకి రేబిస్ టీకాలు వేయడానికి వెళ్ళినప్పుడు పరిచయం. ఆయన పిల్లి పేరు సరంగు. లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు కదా. కుట్టడానికి పరిచిన పట్టా అంచున కూర్చుని పనివాళ్ళందరికీ ఆర్డర్లేస్తున్నట్టు చూస్తుందని ఆ పేరు. తెలుపు మీద నల్లమచ్చల మగపిల్లి. టీకా వేసినప్పుడు నా చెయ్యి బరికింది కూడా.

ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటికి ఆయన ఫోను. నా చేతిలో వాంతులు చేసుకుంటున్న కుక్కపిల్ల ఉంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడాను.

"డాక్టరమ్మా, సరంగు మొన్నట్నుంచీ బయటికెళ్ళట్లేదు. తిండి కూడా మానీసింది. ఏటి సెయ్యమంటారు?"

బయటికెళ్ళడమంటే మన ఇళ్ళల్లో అర్థం వేరే చెప్పాలా. మలబద్ధకం అనుకున్నాను. పాలు ఆపేయండి, నీళ్ళు బాగా పట్టండి, సాయంత్రం దాకా చూద్దాం అన్నాను. అంతా కలిపి అర నిమిషం. ఫోను పెట్టేసి కుక్కపిల్లకి సెలైన్ ఎక్కించాను.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మళ్ళీ ఆయనే. ఈసారి గొంతు మారిపోయింది.

"మేడమ్, ఒక్క మాట అడుగుతాను, ఉన్నదున్నట్టు సెప్పండి. దీన్ని మీ దగ్గరకి తేవాలా, ఒగ్గీయాలా? మా ఇంటావిడ అంటాది, దాని మానాన దాన్ని పోనీండి, పిల్లి సచ్చిపోయేముందు దాక్కుంటాది, అంటే మనల్ని ఒగ్గీమని అడుగుతున్నట్టే అని. అది బీరువా కింద దూరీసింది."

నేను మాట్లాడేలోపే ఆయన ఇంకో సంగతి చెప్పారు. దీనికి ముందు ఇంకో పిల్లి ఉండేదిట. అదీ ఇలాగే జబ్బు పడితే గోనెసంచిలో పెట్టి ఆటోలో బయల్దేరారు. కంచరపాలెం దాటకుండానే సంచిలోనే ప్రాణం పోయింది. "ఆ అరుపు ఇప్పటికీ నా సెవిలో ఉంది మేడమ్. సీకట్లో, నా మొకం కూడా కనపడకుండా సచ్చిపోయింది. ఆ పాపం మళ్ళీ సెయ్యలేను."

నాకు మలబద్ధకం మాటే బుర్రలో ఉంది. దానికింత కథేమిటి అని లోపల చిరాకు పడ్డాను కూడా, దాచడం దేనికి. అయినా, ఏం చేస్తోందో చెప్పండి అని అడిగాను.

"ఇసక తొట్టిలో కూకుంటాది, ముక్కుతాది, లెగుత్తాది. మళ్ళీ ఎల్లి కూకుంటాది. పొద్దున్నయితే ఇరవైసార్లు ఎల్లుంటాది. ఇప్పుడదీ లేదు."

"మరి మొన్నట్నుంచీ బయటికి అవ్వట్లేదన్నారు కదా?"

"అవ్వడం కాదు మేడమ్. ఈదిలోకి ఎల్లట్లేదన్నాను. రోజూ సేపల రేవు దాకా తిరిగొచ్చే పిల్లి గడప దాటట్లేదు."

"కరీం భాయ్, తొట్టిలో ఇసక తడిగా ఉందా?"

ఆయన వెళ్ళి చూసొచ్చారు. "పొడిగా ఉంది. మొన్న పోసిన ఇసక, పోసినట్టే ఉంది."

అది రెంటికి రాకపోవడం కాదు. ఒంటికి రాకపోవడం. మగపిల్లులకి మూత్రం వచ్చే దారి చాలా సన్నం. అందులో సన్నటి రాళ్ళపొడి అడ్డం పడితే చుక్క కూడా బయటికి రాదు. మేం బ్లాక్ అంటాం. రెండు రోజులు అలా ఆగితే రక్తంలో పొటాషియం అనే ఉప్పు పెరిగిపోయి గుండె నెమ్మదించి ఆగిపోతుంది. పొద్దున్న నేను సాయంత్రం దాకా చూద్దామన్నది ఈ కేసుని. నీళ్ళు బాగా పట్టమన్నాను కూడా.

"తీసుకురండి. ఇప్పుడే."

"దారిలో పోతాదా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "పోవచ్చు. ఇక్కడికొచ్చాక నా టేబుల్ మీదా పోవచ్చు. ఇంట్లో ఉంటే మాత్రం కచ్చితంగా పోతుంది. ప్రశాంతంగా కాదు. అది చావడానికి దాక్కోలేదు కరీం భాయ్, నొప్పికి తాళలేక దాక్కుంది. ఒంటికి ఆగిపోతే ఎలా ఉంటుందో ఎప్పుడైనా తెలిసిందా మీకు?"

ఆయన మెల్లగా అన్నారు. "కిడ్నీలో రాయొచ్చినప్పుడు ఒక పూట ఆగిపోనాది. గోడకి తల కొట్టుకున్నాను. ఇది రెండ్రోజుల్నుంచి నోరెత్తనేదు మేడమ్. వత్తన్నాను."

గోపాలపట్నం దగ్గర లారీల్లో ఇరుక్కుని ఆటో వచ్చేసరికి గంట పట్టింది. ఆయన గోనెసంచి తేలేదు. వెదురుబుట్ట తెచ్చారు. దాని మీద కాన్వాసు గుడ్డ మూత కుట్టి ఉంది, చుట్టూ లారీ పట్టాలకి కొట్టే ఇత్తడి రింగుల కన్నాలు. లోపల్నుంచి పిల్లికి మనిషి మొహం కనపడేలా ఒక పక్క పెద్ద కన్నం. ఇది కుడుతూ కూర్చున్నారా అని కసిరాను.

"లేదు మేడమ్. మీకు ఫోను సెయ్యకముందే మొదలెట్టాను, మాటాడుతూనే కుట్టీసాను. తేవాలో వద్దో తెలీనేదు, సేతులు ఊరుకోనేదు," అన్నారు.

బుట్టలోంచి తీస్తే సరంగు తడిగుడ్డలా వేలాడింది. ఒళ్ళు చల్లగా ఉంది. పొట్ట మీద చెయ్యి వేస్తే మూత్రసంచి పచ్చి జామకాయలా గట్టిగా తగిలింది. స్టెతస్కోపు పెట్టాను. పిల్లి గుండె మామూలుగా లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటుంది. దీనిది నేను తీరిగ్గా లెక్కపెట్టగలిగాను. ఒక దెబ్బ. ఆగడం. మళ్ళీ కొడుతుందో లేదో అన్నంత సేపు ఆగడం. ఇంకో దెబ్బ. పైడిరాజు నా మొహం చూసి ఏమీ అడక్కుండా కాల్షియం ఇంజెక్షన్ విరిచి ఇచ్చాడు.

కాల్షియం పొటాషియాన్ని తగ్గించదు. గుండెని మాత్రం దాని దెబ్బ నుంచి కాస్సేపు కాపాడుతుంది. నరంలోకి చాలా నెమ్మదిగా ఎక్కించాలి. ఒక చేత్తో సిరంజి తోస్తూ, చెవిలో స్టెతస్కోపుతో గుండె వింటూ ఉన్నాను. రెండు మూడు నిమిషాలకి ఆ దెబ్బల మధ్య ఖాళీ తగ్గడం మొదలైంది. తగ్గింది. ఇంకా తగ్గింది. చూస్తూండగా వేగం అందుకుంది. పుస్తకంలో వంద సార్లు చదివాను, ఎన్నోసార్లు చేశాను కూడా. అయినా ఆ మధ్యాహ్నం నా ఒళ్ళు జలదరించింది. ఆగిపోదామని నిర్ణయించుకున్న గుండె, చెంచాడు మందుకి మనసు మార్చుకోవడం చెవులారా విన్నాను. స్టెతస్కోపు తీసి కరీం భాయ్ చెవుల్లో పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. పెదాలు మాత్రం కదిలాయి.

తర్వాత కెథెటర్, అంటే మూత్రం దారిలోకి పంపే సన్నటి గొట్టం. రెండుసార్లు వెళ్ళలేదు. మూడోసారి సెలైన్ నీళ్ళు తోస్తూ మెల్లగా తిప్పితే గరగరమని ఏదో జారింది. గొట్టంలోంచి ముందు రాళ్ళపొడి, తర్వాత రక్తం కలిసిన మూత్రం. స్టీలు ట్రే నిండింది. పైడిరాజు ఇంకో ట్రే పెట్టాడు. ఆ చిన్న ప్రాణంలో అన్ని నీళ్ళెక్కడ పట్టాయో నాకిప్పటికీ ఆశ్చర్యమే. "హార్బరంతా దీన్లోనే ఉన్నట్టుందమ్మా," అన్నాడు పైడిరాజు. ఎవరమూ నవ్వలేదుగానీ అందరం ఊపిరి వదిలాం.

ఇంకో గంటన్నర సెలైన్ నడిచింది. నేను కేసు రాసుకుంటున్నాను. కరీం భాయ్ నా భుజం పక్కకొచ్చి, "మేడమ్, సూడండి," అని మెల్లగా అన్నారు. సరంగు తల ఎత్తింది. ముందు కాలికి సెలైన్ సూది, వెనక గొట్టం, ఒళ్ళంతా మురికి. అటూ ఇటూ చూసింది. మా ముగ్గుర్నీ పట్టించుకోలేదు. సూది లేని కాలు ముందుకు చాపి నాకి శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టింది. మధ్యలో అలిసిపోయి ఆగుతోంది, మళ్ళీ నాకుతోంది. ఇందాకే చావు గుమ్మం దాకా వెళ్ళొచ్చిన జీవి, తిరిగొచ్చాక మొదట చేసిన పని ఒళ్ళు కడుక్కోవడం. నేను పెన్ను కింద పెట్టేసి చూస్తూ ఉండిపోయాను. దేవుడి గుళ్ళో నిలబడినా నాకంత భక్తి కలగలేదు.

అప్పుడు చెప్పాను. పొద్దున్న ఇసక సంగతి అడిగుంటే అప్పుడే తెమ్మనేదాన్నని, అడగకుండా సాయంత్రం దాకా చూడమన్నానని, నా మాట వినుంటే ఇది పోయేదని.

ఆయన పిల్లి మీంచి చూపు తిప్పలేదు. "నానూ సరిగ్గా సెప్పనేదు కదా మేడమ్," అన్నారు. తిట్టినా బావుండేది.

మూడు రోజులు ఉంచుకోవాలని చెప్పాను. సరేనని వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశారు. ఉర్దూలో మాట్లాడారు, రెండే మాటలు. పాత టౌను వాళ్ళతో తిరిగినదాన్ని, ఆపాటి నాకర్థమవుతుంది. బతికింది అన్నారు. గొయ్యి పూడ్చెయ్ అన్నారు.

లోపలికి వచ్చాక ఏ గొయ్యి అని అడిగాను. కొట్టు వెనక మునగచెట్టు కింద అన్నారు. పన్నెండింటికి తవ్వారుట. అది ముక్కడం కూడా మానేశాక ఇక లాభం లేదనుకుని తవ్వి, చేతులు కడుక్కుని, వచ్చి బుట్ట ముందు కూర్చుని నాకు ఫోన్ చేశారు.

తేవాలా వద్దా అని ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా చేతిలో పని పక్కనపెట్టి కుర్చీలో కూర్చుంటాను. వాళ్ళు చూసిందంతా చెప్పనిస్తాను, ప్రతి మాటకీ అంటే ఏమిటని అడుగుతాను. విసుక్కునేవాళ్ళూ ఉన్నారు, విసుక్కోనీ. అవతల మనిషి ఏం చేసొచ్చి ఆ మాట అడుగుతున్నాడో నాకు ఫోన్లో కనపడదు. ఆ రోజు ఆయన పార కడిగి గోడకి ఆనించొచ్చి అడిగారు.